వారాంతం జంప్ రేసులు: మంగళవారం రాత్రికల్లా మీ నోట్స్

అందరికీ నమస్కారం 🐎

గుర్రాలు అడ్డంకులు దూకుతూ పరుగెత్తే జంప్ రేసుల మీద బుధవారం రాత్రి 8కి (యూకే టైమ్) కాల్. శని, ఆదివారాల్లో పరుగెత్తిన నోవిస్ గుర్రాల్లో (ఈ రకం రేసులకి కొత్తవి) మార్చిలో ఇంగ్లండ్‌లోని చెల్టెన్‌హమ్‌లో జరిగే పెద్ద జంప్ రేసులకి ఎవరు పనికొస్తారో తేలుద్దాం.

ఒక్కొక్కరు రెండే గుర్రాలు తీసుకోండి. రీప్లే కనీసం మూడుసార్లు చూడాలి.

మొదటిసారి గెలుపోటములు వదిలేసి దూకడం ఒక్కటే చూడండి. హర్డిల్ అంటే తేలికపాటి అడ్డు, ఎత్తు కనీసం మూడున్నర అడుగులు, తగిలితే వాలిపోతుంది. ఫెన్స్ అంటే అంతకన్నా పెద్ద, గట్టి అడ్డు; మామూలుది కనీసం నాలుగున్నర అడుగులు, అది అలా వాలదు. హర్డిల్‌ని రాసుకుంటూ పోయే అలవాటు ఫెన్స్ దగ్గర పడగొడుతుంది. ఎగిరే ముందు అడుగు కుదించుకుంటోందా? మరీ దగ్గరికెళ్లి ఎగురుతోందా? ప్రతిసారీ కుడికే జరుగుతోందా? చెల్టెన్‌హమ్ ఎడమవైపు తిరిగే ట్రాక్, కుడికి జరిగే గుర్రం దూకిన ప్రతిసారీ దూరం పోగొట్టుకుంటుంది.

రెండోసారి చివరి హర్డిల్ నుంచి. దాన్ని దూకి గుర్రం నేల మీద దిగాక జాకీ చేతులు కదలకుండానే గుర్రం సాగిపోతుంటే దమ్ము మిగిలున్నట్టే. చెల్టెన్‌హమ్‌లో ఎత్తెక్కే ముగింపుకి కావాల్సింది అదే. నాకైతే ఇదే అన్నిటికన్నా ముఖ్యం.

మూడోసారి టైమ్. అదే రోజు, అదే ట్రాక్, అదే దూరం ఉన్న మరో రేసుతో పోల్చండి. నింపాదిగా సాగిన రేసులో 10 లెంగ్తుల (లెంగ్త్ అంటే ఒక గుర్రం పొడవు) గెలుపుకి మోసపోకండి. ఏ గుర్రం ఎంత బరువు మోసిందో కూడా రాయాలి. మగ గుర్రాలతో పోటీపడే ఆడగుర్రాలకి మామూలుగా 7 పౌండ్ల రాయితీ ఉంటుంది.

నేల మెత్తగా ఉందో గట్టిగా ఉందో రాయడం చాలామంది మర్చిపోతున్నారు. అది లేని నోట్ కాల్‌లో తీసుకోం.

తీసుకున్న గుర్రాల పేర్లు ఈ రాత్రే ఇక్కడ పెట్టండి, ఇద్దరు ఒకటే చూడకుండా. పందెం టిప్స్ మాత్రం వద్దు 🙏