పెట్టె మీద పెంగ్విన్ బొమ్మ, లోపల పనిచేయని డ్రైవర్

కస్టమర్ సపోర్ట్ విభాగం వారికి,

విషయం: మీ యూఎస్‌బీ వైఫై అడాప్టర్ రెండో హార్డ్‌వేర్ వెర్షన్ లినక్స్‌లో నిలకడగా పనిచేయకపోవడం, మార్చి ఇవ్వమని లేదా డబ్బు వాపసు చేయమని కోరడం.

నమస్కారం.

పెట్టె మీద లినక్స్ గుర్తయిన పెంగ్విన్ బొమ్మ వేసి లినక్స్‌లో పనిచేస్తుందని రాశారు. మొదటి వెర్షన్ నిజంగానే పనిచేస్తుంది. దాని చిప్‌ను నడిపే సాఫ్ట్‌వేర్, అంటే డ్రైవర్, లినక్స్ మూలభాగమైన కెర్నల్‌లోనే ఉంది, తగిలిస్తే చాలు. రెండో వెర్షన్‌లో మాత్రం మోడల్ నంబర్ అదే ఉంచి చిప్ మార్చేశారు. యూఎస్‌బీ పరికరాల జాబితా చూపే ఎల్ఎస్‌యూఎస్‌బీ కమాండ్ కొట్టి ఐడీ చూస్తే తప్ప తేడా తెలియదు, ఆ చూడటమేదో కొన్న తర్వాతే కుదురుతుంది. తగిలించగానే అది వైఫై కార్డుగా కాక, విండోస్ డ్రైవర్లున్న సీడీ డ్రైవ్‌గా కనిపిస్తుంది. యూఎస్‌బీ మోడ్‌స్విచ్ అనే టూల్‌తో దాన్ని వైఫై కార్డుగా మార్చుకోవాలి. సరే, అది ఒక్క కమాండ్‌తో పోయేదే.

అసలు తంటా డ్రైవర్‌తో. మీ సైట్‌లో ఉన్న సోర్స్ జిప్ 5.4 కెర్నల్ కాలం నాటిది. ఆ తర్వాతి కెర్నల్ వెర్షన్లలో డ్రైవర్ వాడే పేర్లు మారాయి: 5.17లో పీడీఈ డేటా ఫంక్షన్ పేరు పెద్ద అక్షరాల నుంచి చిన్న అక్షరాల్లోకి మారింది, కంప్లీట్ అండ్ ఎగ్జిట్ పేరు ముందు కేథ్రెడ్ చేరింది. 6.12లో అన్‌ఎలైన్డ్ హెడర్ ఏఎస్ఎం ఫోల్డర్ వదిలి లినక్స్ ఫోల్డర్‌లోకి వెళ్లింది. 6.15లో డెల్ టైమర్ పోయి టైమర్ డిలీట్ మిగిలింది. చాలా చోట్ల పేరు మార్చితే సరిపోయే దిద్దుబాట్లివి. మీరు ఒక్కటీ చేయలేదు. ఫలితంగా కెర్నల్ అప్‌డేట్ కాగానే కొత్త కెర్నల్‌కి డ్రైవర్‌ని తిరిగి తయారుచేసే డీకేఎంఎస్ బిల్డ్ ఆగిపోతుంది, రీబూట్ చేశాక వైఫై ఉండదు. నెట్‌కి ఈ అడాప్టరే దిక్కయినవాళ్లు దిద్దిన సోర్స్ దించుకునే దారి కూడా ఉండదు. సంతకం ఉన్న సాఫ్ట్‌వేర్‌నే నడవనిచ్చే సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే, బిల్డ్ అయిన డ్రైవర్ మాడ్యూల్‌ని కూడా సంతకం లేదని కెర్నల్ తిప్పికొడుతుంది. మన సంతకాన్ని నమ్మేలా చేసే ఎంఓకే కీ నమోదు గురించి మీ సూచనల్లో ఒక్క ముక్క లేదు.

సోర్స్ దిద్దుకుని ఎక్కించినా కనెక్షన్ నిలవదు. కాసేపు ట్రాఫిక్ లేకపోతే కార్డు నిద్రలోకి జారి మళ్లీ లేవదు. నెట్‌వర్క్ మేనేజర్ కనెక్ట్ అయ్యే ఉందంటుంది, ఐపీ అడ్రస్ అలాగే ఉంటుంది, గేట్‌వేకి, అంటే రౌటర్‌కి, పింగ్ మాత్రం పోదు. కెర్నల్ సందేశాలు చూపే డీమెసేజ్‌లో మైనస్ 110, అంటే టైమ్‌ఔట్, వరసగా పడుతుంది.

దీనికి మీ సపోర్ట్ రెండుసార్లు ఇచ్చిన జవాబు రౌటర్ రీస్టార్ట్ చేయమని. అదే పోర్ట్‌లో, అదే ఛానల్ మీద మొదటి వెర్షన్ 24 గంటలు తెగకుండా నడిచింది. యూఎస్‌బీ 3.0 పోర్టుల రొద 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌ని చెడగొడుతుంది కాబట్టి మీటరు ఎక్స్‌టెన్షన్ కేబుల్ పెట్టి, 5 గిగాహెర్ట్జ్‌లో కూడా చూశాను. అదే ఎర్రర్. వైఫై సెట్టింగ్‌లు మార్చే ఐడబ్ల్యూ కమాండ్‌తో పవర్ సేవ్ ఆఫ్ చేస్తే ఆఫ్ అనే చూపిస్తుంది, మీ డ్రైవర్ మాత్రం పట్టించుకోదు. నెట్‌వర్క్ మేనేజర్‌లో వైఫై పవర్‌సేవ్ విలువ 2, అంటే ఆఫ్, పెట్టినా అంతే. మాడ్యూల్ ఎక్కేటప్పటి ఆప్షన్లు రాసే మోడ్‌ప్రోబ్ కాన్ఫిగ్‌లో మీ డ్రైవర్ సొంత పవర్ మేనేజ్‌మెంట్, యూఎస్‌బీ సస్పెండ్ ఆప్షన్లు రెండిటికీ 0 ఇచ్చి, మాడ్యూల్ తీసి మళ్లీ ఎక్కించాకే తెగిపోవడం ఆగింది. అంటే తప్పు రౌటర్‌లో లేదు, నిద్ర లేచే మీ కోడ్‌లో ఉంది.

ఈ అడాప్టర్‌ని వెనక్కి తీసుకుని, కెర్నల్‌లోనే డ్రైవర్ ఉన్న మొదటి వెర్షన్ ఇవ్వండి, లేదా డబ్బు వాపసు చేయండి. ఇకమీదట చిప్ పేరు, హార్డ్‌వేర్ వెర్షన్, పనిచేసే కనీస కెర్నల్ సంఖ్య పెట్టె మీదే ముద్రించండి. డ్రైవర్‌ని కెర్నల్‌లో చేర్చడానికి పంపే ఉద్దేశం లేకపోతే ఆ పెంగ్విన్‌ని తీసేయండి.

డీమెసేజ్, ఎల్ఎస్‌యూఎస్‌బీ, డీకేఎంఎస్ బిల్డ్ లాగ్‌లు, నేను దిద్దిన ప్యాచ్ జతచేశాను. వీటిని నేరుగా డ్రైవర్ రాసే బృందానికి పంపండి. పదిహేను రోజుల్లో జవాబు కోరుతున్నాను.

ఇట్లు,
మీ అడాప్టర్ కొన్న వినియోగదారు