సిరిమాను మీద ఎగిరిపోయిన కవలలు

వాట్‌ఫర్డ్, ఇంగ్లండ్,
అక్టోబరు 2025

అక్కా,

బావ మోకాలి నొప్పి ఎలా ఉంది? అమ్మ ఫోన్‌లో అంతా బాగానే ఉంది అంటుంది గానీ అమ్మ ఎప్పుడు బాగోలేదని చెప్పింది కనక.

మొన్న మంగళవారం మన విజయనగరం పైడితల్లమ్మ జాతరలో సిరిమాను చూశాను. మీకు సాయంత్రమైతే మాకు భోజనాల వేళ కదా, క్యాంటీన్లో ఫోన్‌ని నీళ్ల సీసాకి ఆనించి పెట్టుకుని చూస్తున్నాను. అంజలి రథం, పాలధార, తెల్ల ఏనుగు, బెస్తవారి వల అన్నీ కదిలాక, ఆ పొడవాటి చెట్టు మాను చివర పూజారిగారు గాల్లో ఊగుతూ వస్తుంటే జనం అరటిపళ్లు విసురుతున్నారు. నా వెనక ట్రే పట్టుకుని నిలబడ్డ ఆవిడ, మా టీంలోనే చేస్తుంది, అంతా చూసి "ఇదేం సిరీస్? ఎప్పుడొస్తుంది?" అంది. ఏటా వస్తుంది అన్నాను. ఏం చెప్పాలి మరి.

ఆవిడ తప్పేం లేదులే, ఇక్కడ అందరికీ ఇప్పుడు సిరీస్ పిచ్చే. హ్యారీ పోటర్ మళ్లీ తీస్తున్నారు, నీకు తెలిసే ఉంటుంది. ఈసారి సినిమా కాదు, హెచ్‌బీఓ వాళ్లు టీవీకి తీస్తున్నారు, ఏడు పుస్తకాలూ కలిపి పదేళ్ల పని అని 2023లో ప్రకటించినప్పుడే చెప్పారు. మొన్న జులైలో షూటింగ్ మొదలైంది. ఎక్కడో కాదు, మా ఇంటి నుంచి బస్సెక్కితే ఇరవై నిమిషాలు కూడా పట్టని లీవ్స్‌డెన్ స్టూడియోలోనే. రెండో ప్రపంచ యుద్ధంలో విమానాలు తయారుచేసిన చోటు అది, పాత ఎనిమిది సినిమాలూ అక్కడే తీశారు. స్టేషన్ దగ్గర నుంచి ఆ బొమ్మలేసిన బస్సులు టూరిస్టులతో వెళ్తుంటాయి. ఒక ఆదివారం నేనూ ఊరికే అటు నడిచి వెళ్లాను, ఏమైనా కనిపిస్తుందేమోనని. కంచె కనిపించింది.

ఇక్కడి అభిమానుల్ని చూస్తే మనూళ్లో పెళ్లి కుదిరిన ఇల్లు గుర్తొస్తుంది, సంతోషం ఎంతో అనుమానాలూ అంత. హ్యారీగా వేస్తున్న పిల్లాడు కళ్లజోడు పెట్టుకుని క్లాప్ బోర్డు పట్టుకున్న ఒక్క ఫోటో వదిలారు, దాన్ని పెద్దది చేసి జుట్టు అలా ఉండాలా ఇలా ఉండాలా అని వారం రోజులు కొట్టుకున్నారు. హ్యారీ బడి పెద్ద, ముసలి మంత్రగాడు డంబుల్‌డోర్‌గా జాన్ లిత్‌గో అనగానే, అమెరికా ఆయనకి మా తాత వేషమేంటని కొందరు. ట్రాన్స్ వాళ్ల గురించి పుస్తకాల రచయిత్రి రౌలింగ్ రాసిన మాటల వల్ల అసలు చూసేదే లేదని భీష్మించుకున్నవాళ్లూ ఉన్నారు, వాళ్ల బాధ తీసిపారేసేది కాదు. ఇందాక చెప్పిన ఆవిడకి మణికట్టు మీద హ్యారీ నుదుటి మచ్చలాంటి మెరుపు పచ్చబొట్టు ఉంది, ఆవిడైతే చూడను గాక చూడను అంటుంది, ఆ పాత పిల్లల మొహాలే తన చిన్నతనమట, వాటి మీద ఇంకో మొహం పెట్టొద్దట.

అన్నిటికంటే పెద్ద గొడవ హ్యారీ బడిలో పిల్లల్ని హడలగొట్టే మాస్టారు స్నేప్ గురించి. పాపా ఎసియెడూ అని ఒక నల్లజాతి నటుణ్ని తీసుకున్నారు. పుస్తకంలో పాలిపోయిన మనిషి కదా అని ఒకళ్లు, నటన చూడకుండా ఏమిటీ మాటలని ఇంకొకళ్లు. నాకు నవ్వొచ్చింది అక్కా. మన స్నేప్ మొదటినుంచీ నల్లగానే ఉన్నాడు! జిడ్డు జుట్టు అని పుస్తకంలో చదవగానే ఇద్దరం ఒకేసారి "లెక్కల మాస్టారు!" అన్నాం, గుర్తుందా? కొబ్బరినూనె కణతల మీదకి కారుతూ, చప్పుడు లేకుండా బెంచీ వెనక్కొచ్చి నిలబడేవారు, ఒక్క మాట గట్టిగా అనేవారు కాదు, చెమటలు పట్టేవి. తర్వాత సినిమాల్లో అలన్ రిక్‌మన్‌ని చూశాక మాస్టారు నా పుస్తకంలోంచి వెళ్లిపోయారు. ఎన్నిసార్లు చదివినా ఆ నటుడి మొహమే, ఆయన గొంతే. అలాంటిది ఈ గొడవ మొదలయ్యాక ఒకరాత్రి మళ్లీ మొదటి పుస్తకం తీస్తే, స్నేప్ వచ్చే చోట మాస్టారు నిలబడి ఉన్నారు, నూనెతో సహా. రెండో మొహం వస్తోందంటే మొదటి మొహం పట్టు సడలింది కాబోలు. అందుకే అందరూ భయపడుతున్నా నాకు ఈ సిరీస్ మీద కోపం రావడం లేదు. బాగా తీస్తే చూస్తాను, చెత్తగా తీసినా మాస్టారు తిరిగొచ్చారు, అది చాలు.

నాకు ఆశ మాత్రం అయిదో పుస్తకం మీదే. ఏడింటిలోకీ పెద్దది, ఇక్కడి ప్రతిలో 766 పేజీలు, దాన్ని సినిమాలో 138 నిమిషాలకు కుదించి పారేశారు. మన పాతాళభైరవి కూడా మూడు గంటల పైనే కదే! నాన్న 2003లో ఆఫీసు పని మీద విశాఖ వెళ్లి ఫుట్‌పాత్ మీద 150 రూపాయలకు తెచ్చిన పుస్తకం అది. అట్ట మీద రంగు వేలికి అంటుకునేది. ముందు నేనంటే నేనని జుట్లు పట్టుకున్నాం, నువ్వు సగం చదివాక నాన్న గడ్డం గీసుకునే బ్లేడుతో నిట్టనిలువునా కోసి మొదటి సగం నా మీదకి విసిరేశావు. "ఏటర్రా ఇది, సరస్వతిని కోసేస్తారేటి?" అని అమ్మ మనిద్దరికీ చెరో నాలుగు అంటించింది, నేనేం చేశానని!

ఆ రెండో సగంలోనే కదా ఒక ఫారం, అంటే కలిపి కుట్టే పేజీల కట్ట, మొత్తం లేనిది. ముందు ఫారమే రెండుసార్లు కుట్టేశారు, 16 పేజీలు గల్లంతు. ప్రెస్సులో పనిచేసే పక్కింటి మావయ్యకి చూపిస్తే దొంగ ప్రింటు అంటే ఇంతే అన్నాడు. హ్యారీ స్నేహితుడు రాన్ అన్నలు, ఆ అల్లరి కవలలు, ఇటు పేజీలో బడిలో ఉన్నారు, అటు పేజీలో లేరు, అందరూ వాళ్లు ఎలా వెళ్లిపోయారో చెప్పుకుని నవ్వుకుంటున్నారు, మనకి మాత్రం తెలీదు. అప్పుడు నువ్వు ఏం తడుముకోకుండా, వాళ్లు బడి పైకప్పు బద్దలుకొట్టి సిరిమాను మీద ఎగిరిపోయారు అన్నావు. చెరో చివరా కూర్చున్నారట, కింద తెల్ల ఏనుగు పరిగెత్తిందట. నాలుగేళ్లు అదే నిజమనుకున్నాను. 2007లో విశాఖలో ఆ సినిమా చూస్తూ, కవలలు చీపుర్లెక్కి పరీక్ష హాల్లో బాణసంచా కాల్చేసరికి "తప్పు తీశారు" అని పైకే అనేశాను, ముందు వరుసలో వాళ్లు తిరిగి చూశారు. అసలు పుస్తకం పూర్తిగా దొరికింది ఇంజినీరింగులోనే. అందులోనూ చీపుర్లే. వెళ్తూ వెళ్తూ బడి వరండాలో ఒక చిత్తడి బాడవ వదిలిపోతారు, పిల్లల్ని క్లాసులకి పడవ మీద దాటించాల్సొస్తుంది, వానాకాలం మన వీధిలా. ఆ పడవ టీవీలో వస్తుందా రాదా అన్నదే ఇప్పుడు నా టెన్షన్.

సిరీస్ 2027లో అంటున్నారు. ఈలోగా ఒక పని చెయ్యి. మీ చిన్నది సినిమాలు ఇంకా చూడలేదన్నావు కదా, చూపించకు. అటక మీద ట్రంకుపెట్టెలో, నా డ్రాయింగ్ బోర్డు కింద, ఆ పుస్తకం రెండు ముక్కలూ పురికొసతో కట్టి ఉండాలి, చెదలు తినకపోతే. ముందు నాలుగు పుస్తకాలు నేను పండక్కి వచ్చేటప్పుడు తెస్తాను. స్నేప్ వచ్చినప్పుడు తనకి ఎవరి మొహం కనిపించిందో అడిగి నాకు చెప్పు, వాళ్ల బడిలోనూ ఒకరుంటారు. పేజీలు లేని చోటికి వచ్చినప్పుడు మాత్రం ఫోన్‌లో వెతకొద్దు, నాకు చెప్పినట్టే చెప్పు. తెల్ల ఏనుగు మీద కూడా ఎవరినో కూర్చోబెట్టావు నువ్వు, ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు. ఎవరే అది?

నీ తమ్ముడు