ఆదివారం 5 గంటలకు: పిల్లలే మనకు మాస్టర్లు

పెద్దలందరికీ నమస్కారం.

ఈ ఆదివారం సాయంత్రం 5కి కింద హాల్లో కలుద్దాం. మన బ్లాక్‌లోని తొమ్మిదో తరగతి పిల్లలు వచ్చి గ్రూప్ వీడియో కాల్, వాయిస్ మెసేజ్ నేర్పుతారు. వాళ్ల ఫీజు: వామనగుంటలు, అష్టాచెమ్మా మనం నేర్పాలి. పీట, గవ్వలు, చింతపిక్కలు ఎవరింట్లో ఉంటే వాళ్లు తీసుకురండి.

ఫోన్ ఫుల్ ఛార్జింగ్‌తో తెండి. కళ్లజోడు మర్చిపోవద్దు, పోయినసారి ఒకే జోడు ముగ్గురం పెట్టుకున్నాం!

అమెరికాలో పిల్లలున్నవాళ్లు ఇది గమనించండి. నవంబర్ మొదటి ఆదివారం అక్కడ గడియారం గంట వెనక్కి జరుగుతుంది. డాలస్‌కీ మనకీ తేడా పదిన్నర గంటల నుంచి పదకొండున్నర అవుతుంది. సాయంత్రం 6:30కి మనం చేస్తే అక్కడ ఉదయం 8 కాదు, 7. నిరుడు నేను మనవణ్ణి అలాగే నిద్రలేపేశాను. కోడలు ఏమీ అనలేదు గానీ, వాడు మాత్రం అరగంట మాట్లాడలేదు. ఫీనిక్స్‌లో ఈ మార్పు లేదు, అక్కడివాళ్లకు టెన్షన్ లేదు.

మనవల గొంతుతో ఎవరైనా డబ్బు అడిగితే ఫోన్ పెట్టేసి, మీ దగ్గరున్న నంబర్‌కి మీరే చేయండి. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు.

వచ్చేవాళ్లు శనివారం రాత్రిలోగా పేరు పెట్టండి. టీ లెక్క చూసుకోవాలి.