ముందు మాట, తర్వాతే బొమ్మ

తల్లిదండ్రులకు నమస్కారం.

ఈ ఏడాది ఒకటి, రెండు తరగతుల పిల్లలకు ప్రొజెక్టర్‌తో గోడ మీద స్లైడ్లు వేసి తెలుగు చదవడం నేర్పుతున్నాం. "బళ్ళో కూడా టీవీయేనా మేడం?" అని మీలో కొందరు అడిగారు. అడగాల్సిన మాటే. అందుకే ఈసారి ఉత్తరమంతా దాని గురించే.

మొదటి వారం మేమే పొరపాటు చేశాం. సఖినేటిపల్లి రేవు నుంచి వశిష్ట గోదావరి దాటే పంటు (బళ్ళను కూడా ఎక్కించుకునే పెద్ద పడవ) ఫొటో పెట్టి, కింద ‘పడవ’ అని రాశాం. ఒకటో తరగతంతా ఒక్క గొంతుతో ‘పంటు’ అని అరిచింది. పిల్లల తప్పేముంది, వాళ్ళు ఎక్కేది పంటే కదా! కానీ అక్షరాల వంక ఒక్కరూ చూడలేదు. మర్నాటి నుంచి పద్ధతి మార్చాం. ముందు మాట ఒక్కటే వస్తుంది. ప, డ, వ అని కూడబలుక్కుని చదివాకే బొమ్మ. ‘ప’కు తలకట్టు అంటుకోదు, ‘వ’కు అంటుకుంటుంది. పుస్తకంలో చీమంత కనిపించే ఆ తేడా గోడ మీద చివరి వరుసకీ తెలుస్తుంది.

వత్తులకైతే ఇది మరీ బాగా పనికొస్తోంది. ముందు ‘కొబరి’ అని వేస్తాం. చదివి నవ్వుతారు. అప్పుడు ‘బ’ కింద మెల్లగా వత్తు వచ్చి చేరుతుంది. "కొబ్బరి!" అని గట్టిగా నొక్కి పలుకుతారు. వత్తు ఏం చేస్తుందో ఇక వేరే చెప్పక్కర్లేదు.

ఇంకో లాభం నేను అనుకోనిది. బోర్డు మీద రాసేటప్పుడు టీచర్ వీపు పిల్లల వైపు ఉంటుంది. ఇప్పుడు ఎదురుగా నిలబడి, ఎవరు చదువుతున్నారో, ఎవరు పక్కవాళ్ళను చూసి పెదాలు కదుపుతున్నారో గమనిస్తున్నారు. అలా దొరికిన పిల్లల్ని విడిగా కూర్చోబెట్టుకుంటున్నాం.

స్లైడ్లు రోజుకు పావుగంటే. తర్వాత పలకే. అక్షరం చేతికి రావాలంటే దిద్దాల్సిందే, దయచేసి పలక, బలపం మర్చిపోకుండా పంపండి. కరెంటు పోతే అవే మాటలు అట్టముక్కల మీద రాసి ఉంచాం.

చిన్న తరగతుల పిల్లలకు చదవడం, లెక్కలు రావాలని 2021లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమం ప్రకారం మూడో తరగతి పిల్లలు నిమిషానికి కనీసం 60 పదాలు అర్థం చేసుకుంటూ చదవాలి. దానికి పునాది ఇప్పుడే పడాలి.

మీరు ఇంట్లో, పొలంలో, చేపల చెరువు దగ్గర వాడే మాటలు ఓ పది పంపండి. రాయడం రాకపోతే పిల్లలకు చెప్పి పంపండి, మేం రాసుకుంటాం. వచ్చే నెల స్లైడ్లు ఆ మాటలతోనే చేస్తాం. శనివారం ఉదయం వీలైతే వచ్చి, క్లాసులో వెనక కూర్చుని చూడండి.

మీ
ప్రధానోపాధ్యాయురాలు