చిన్న జతలకు మీరు కట్టిన తప్పుడు లెక్కపై ఫిర్యాదు

వినియోగదారుల సేవా విభాగం అధిపతి గారికి,

విషయం: లిమిట్ హోల్డెమ్ పాఠాల్లో 'ఫ్లాప్ తర్వాత చిన్న జతలు' అధ్యాయంలోని తప్పులు, 89 డాలర్లు తిరిగి చెల్లించడం.

మార్చిలో మీ తెలుగు పోకర్ పాఠాలను 89 డాలర్లకు కొన్నాను. తెలుగులో అమ్మారు కాబట్టి ఫిర్యాదూ తెలుగులోనే రాస్తున్నాను. ఇంతకు ముందు ఇంగ్లీషులో రెండుసార్లు రాస్తే, 'మీ అభిప్రాయం మాకు ఎంతో విలువైనది' అన్న జవాబు అక్షరం మారకుండా రెండుసార్లూ వచ్చింది.

నేను శాన్ హోసేలో ఉంటాను. వృత్తి ఆడిటింగ్. శనివారాలు ఇక్కడి కార్డ్ రూములో 4–8 డాలర్ల లిమిట్ ఆటకు కూర్చుంటాను. లిమిట్ అంటే పందెం మొత్తం ముందే నిర్ణయమైన పోకర్. చేతిలో రెండు ముక్కలు; బల్ల మీద అందరికీ ఉమ్మడిగా ముందు మూడు (ఫ్లాప్), తర్వాత ఒకటి (టర్న్), చివరికి ఒకటి (రివర్). ఫ్లాప్ వరకు పందెం 4 డాలర్లు, టర్న్, రివర్‌లలో 8. చేతిలో ఎంత గొప్ప ముక్కలున్నా ఒకసారికి అంతకు మించి పెంచడానికి లేదు. మీ పాఠం రాసినవారు సరిగ్గా ఈ సంగతే మరిచిపోయారు.

పన్నెండో అభ్యాసం తెరిచి చూడండి. నా చేతిలో ఇస్పేటు నాలుగు, డైమండ్ నాలుగు. ఐదుగురం తలా 4 డాలర్లు పెట్టి ఫ్లాప్ చూశాం. స్మాల్ బ్లైండ్ (ముక్కలు పంచకముందే సగం పందెం పెట్టేవాడు) వదిలేసిన 2 డాలర్లతో కలిపి పాట్, అంటే మధ్యలో చేరిన మొత్తం, 22. ఫ్లాప్‌లో ఆఠీను రాజు, ఆఠీను జాకీ, కళావరు తొమ్మిది. ఒకరు 4 వేశారు, ఒకరు కాల్ చేశారు (అంతే పెట్టారు), ఇద్దరు ముక్కలు పారేశారు. చివరి వంతు నాది. పాట్‌లో 30 ఉంది, నేను పెట్టాల్సింది 4. ఫోల్డ్ (ముక్కలు పారేయడం) నొక్కాను. తెర ఎర్రబడింది. 'తప్పు. సెట్ పడే అవకాశం 7.5కి 1. పాట్ మీకు సరిగ్గా 7.5కి 1 ఇస్తోంది. కాల్ చేయాలి' అని వివరణ.

సెట్ అంటే చేతిలోని జతకు అదే అంకె మూడో ముక్క కలవడం. ఆ 7.5 ఫ్లాప్ రాకముందు లెక్క. చేతిలో జత ఉంటే, రాబోయే మూడు ముక్కల్లో కనీసం ఒకటి దానితో కలిసే అవకాశం దాదాపు 11.8 శాతం, అంటే ఎనిమిదిన్నర సార్లలో ఒకసారి: ఏడున్నర సార్లు రాదు, ఒకసారి వస్తుంది. ఇక్కడ ఆ మూడు ముక్కలూ పడిపోయాయి, నాలుగు రాలేదు. నాకు కనిపించని ముక్కలు 47, పనికొచ్చేవి రెండు. 45కి 2, అంటే 22.5కి 1. పోయిన ఏడాది నిల్వను ఈ ఏడాది ఖాతాలో చూపిస్తే మా వృత్తిలో లైసెన్సు పోతుంది.

పైగా ఆ రెండింటిలో ఒకటి ఆఠీను నాలుగు. అది పడితే నాకు సెట్, ఆఠీన్ల కోసం చూస్తున్నవాడికి ఫ్లష్ (ఐదూ ఒకే గుర్తు ముక్కలు, సెట్‌ను ఓడిస్తుంది). నిక్కమైన ముక్క ఒక్కటే, కళావరు నాలుగు.

తర్వాతి పందాల్లో వచ్చేది కలుపుకోవచ్చు కదా అని మీ నిపుణులు అనవచ్చు. కలుపుదాం. 22.5కి 1 గిట్టుబాటు కావాలంటే నా 4 డాలర్లకు 90 రావాలి. పాట్‌లో ఉన్నవి 30. మిగతా 60 ఇద్దరి నుంచి, రెండు విడతల్లో రావాలి. ఇద్దరూ టర్న్‌లో, రివర్‌లో ఒక్కో పందెం చొప్పున ఇచ్చుకున్నా 32 దాటదు. నో-లిమిట్‌లో అయితే ఎదుటివాడి ముందున్న చిప్స్ అన్నీ ఒకేసారి రావచ్చు. ఆ ఆటకు రాసుకున్న సూత్రాన్నే పేరు మార్చి లిమిట్ పాఠంగా అమ్మారని నా అనుమానం.

ఒక విషయం దాచను. మీ సలహా పాటించిన మొదటి శనివారమే నాకు టర్న్‌లో సెట్ పడింది, పెద్ద పాట్ గెలిచాను. ఆ గెలుపు వల్లే తర్వాతి ఆరు వారాలు మిమ్మల్ని నమ్మాను. రమ్మీ ఆడి పెరిగినవాళ్లకు జత పట్టుకుని మూడో ముక్క కోసం కూర్చునే జబ్బు ముందే ఉంటుంది. మీరు దానికి శాతాలు జోడించి పాఠం చేశారు.

పంతొమ్మిదో అభ్యాసంలో తప్పు తలకిందులైంది. బటన్ మీద (ఫ్లాప్ తర్వాత చివరి వంతు వచ్చే చోట) ఐదుల జతతో రెయిజ్ చేశాను, అంటే పందెం 8కి పెంచాను; బిగ్ బ్లైండ్ (ముందుగానే పూర్తి పందెం పెట్టేవాడు) ఒక్కరే కాల్ చేశారు. మా ఇద్దరివీ చెరో 8, స్మాల్ బ్లైండ్ 2, పాట్ 18. ఫ్లాప్ రాణి, ఎనిమిది, రెండు, మూడూ వేర్వేరు గుర్తులవి. అతను 4 వేస్తే 'సెట్ లేదు, ఫోల్డ్ చేయండి' అంటారు మీరు. 22 గెలవడానికి 4 పెట్టాలి, అంటే 5.5కి 1. జత లేని రెండు ముక్కలు ఫ్లాప్‌లో కలిసేది మూడింట ఒకసారే. ఒంటరి ప్రత్యర్థి ముందు నా ఐదులు చాలాసార్లు ఇంకా ముందంజలోనే ఉంటాయి. రివర్ దాకా వెళ్లాలా అన్నది ఆ మనిషి తీరును బట్టి ఉంటుంది. రాణి లేనిదే పందెం వేయనివాడైతే నేనూ పారేస్తాను. కానీ ఆ ప్రశ్నే మీ పాఠంలో లేదు.

అతను చెక్ చేస్తే (పందెం వేయకుండా వంతు దాటిస్తే) మీరూ చెక్ చేయమంటారు. అతని చేతిలో రాజు, పది ఉన్నాయనుకోండి. ఇద్దరి చేతి ముక్కలు, ఫ్లాప్ తీసేస్తే మిగిలిన 45లో జత కుదిరే ముక్కలు ఆరు, కుదరనివి 39, అంటే 6.5కి 1. నేను 4 వేస్తే అతనికి దొరికేది 5.5కి 1 మాత్రమే. ఉచితంగా ముక్క ఎందుకు చూపించాలి?

మీ ప్రకటనలో అల్బర్టా విశ్వవిద్యాలయ పరిశోధనను వాడుకున్నారు. 2015 జనవరిలో వారు ప్రకటించిన సెఫియస్ ప్రోగ్రామ్ ఇద్దరే ఆడే లిమిట్ హోల్డెమ్‌కు సంబంధించినది. అది ఐదుగురి పాట్‌కు పనికిరాదు. పనికొచ్చే ఇద్దరి ఆటలోనేమో మీరు ముక్కలు పారేయమంటున్నారు.

ఆటలో పోయిన డబ్బు నేను అడగడం లేదు, అది నా చేతులారా పెట్టింది. అడిగేవి ఇవి: 89 డాలర్లు తిరిగి ఇవ్వండి. ఆ రెండు అభ్యాసాలను సరిదిద్దే వరకు అధ్యాయాన్ని అమ్మకం నుంచి తీసేయండి. ఇప్పటికే కొన్నవారందరికీ 7.5 ఎక్కడ వర్తిస్తుందో, 22.5 ఎక్కడ వర్తిస్తుందో తెలుగులో రాసి పంపండి. 15 రోజుల్లో జవాబు రాకపోతే నా క్రెడిట్ కార్డు బ్యాంకులో ఈ చెల్లింపుపై అభ్యంతరం నమోదు చేస్తాను.

రెండు అభ్యాసాల తెర చిత్రాలు, కొనుగోలు రసీదు, మీ రెండు జవాబుల ప్రతులు జతచేశాను. ఈసారి జవాబు రాసేవారు కనీసం 47లోంచి 2 తీసేసి చూడాలని మనవి.

ఇట్లు,
మీ ఖాతాదారుడు,
శాన్ హోసే