పసుపు పసుపులాగే కనబడాలండీ

ఎడిటర్ గారికి నమస్కారం.

మొన్న ఆదివారం మీ పేపర్లో వీడియోలకి సినిమా లుక్ తెచ్చుకోవడం గురించి సగం పేజీ వేశారు, మా షాపుకొచ్చే కుర్రాళ్లు కట్ చేసి మరీ తెచ్చి చూపించారు. ఏ ఫిల్టర్ వేస్తే ఏ రంగొస్తుందో బాగానే చెప్పారు గానీ అసలు మన వీడియోకి ఏది సరిపోతుందో ఎలా తెలుసుకోవాలి అన్నది ఒక్క ముక్క కూడా లేదు. నేను తణుకులో 12 ఏళ్ల నుంచి పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తున్నానండి, ముందు ఎడియస్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ మీద చేసేవాణ్ణి, ఇప్పుడు డావిన్చీ రిజాల్వ్ అనే దాని మీద, అందుకని నాకు అనుభవంలో తెలిసింది రాస్తున్నాను, వీలుంటే వేయండి.

మూడేళ్ల కిందట ఆన్‌లైన్లో ఒక లట్‌ల (వీడియో రంగుల్ని ఒక్క దెబ్బకి మార్చేసే రెడీమేడ్ ఫైళ్లు) ప్యాక్ కొన్నాను. డెమోలో మంచు కొండలు, సముద్రం ఒడ్డు, ఉన్ని కోట్లు వేసుకున్న తెల్లవాళ్లు, చూస్తే అచ్చం సినిమానే. అదే తెచ్చి ఒక పెళ్లి మొత్తానికి వేసేసి రాత్రి రెండింటికి రెండర్ పెట్టి పడుకున్నాను. పెళ్లికూతురు చామనఛాయ అమ్మాయి. తలంబ్రాల దగ్గర ఒక క్లోజప్ ఉంది, దోసిట్లో పసుపు బియ్యం, బుగ్గచుక్క, ఎర్రంచు తెల్ల మధుపర్కం, నవ్వుతూ తల పక్కకి తిప్పుకుంటది. ఆ షాట్లో బుగ్గకీ బియ్యానికీ తేడా లేకుండా పోయింది, రెండూ ఒకటే నారింజ రంగు. మధుపర్కం ఏమో పాత కాగితంలా మాసిపోయింది, వెనకాల మామిడాకుల తోరణం నీలం తిరిగిపోయింది. వాళ్ల నాన్నగారు టీవీలో చూసి కోప్పడలేదండి, "బాబూ, మా అమ్మాయి ఇలా ఉండదు కదా" అన్నారు, అంతే. నాకు ఆ మాట ఇప్పటికీ చెవిలోనే ఉంది. మొత్తం వీడియో మొదట్నుంచీ మళ్లీ చేసిచ్చాను.

లట్ అంటే పెద్ద బ్రహ్మవిద్యేం కాదు, ఈ రంగు లోపలికొస్తే ఆ రంగు బయటికి పంపు అని రాసి పెట్టిన పట్టిక. ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కోదానికి 33 మెట్లు పెడతారు ఎక్కువగా, అంటే 33ని 33తో, మళ్లీ 33తో గుణిస్తే 35,937 గళ్లు. ఆ గళ్లకి ముఖం ఏదో బియ్యం ఏదో తెలీదు. పైగా అది ఎలాంటి ఫుటేజ్ కోసం చేశారో అలాంటిది ఇస్తేనే సరిగ్గా పనిచేస్తది. డెమోల్లో చూపించేది చాలావరకు లాగ్‌లో, అంటే తర్వాత దిద్దుకోవడానికి వీలుగా రంగు, కాంట్రాస్ట్ తగ్గించి తీసిన ఫుటేజ్, సోనీలో ఎస్‌లాగ్3, పానసోనిక్‌లో వీలాగ్, ఐఫోన్ 15 ప్రో నుంచి యాపిల్ లాగ్ కూడా వచ్చింది, బూడిద రాసినట్టు పాలిపోయి కనబడతది చూశారా అది. మనం తెచ్చేది కెమెరాలోనే రంగులు దిద్దేసుకున్న మామూలు 8 బిట్ ఫైలు. దాని మీద లాగ్ కోసం చేసిన లట్ వేస్తే కాంట్రాస్ట్ మీద ఇంకో కాంట్రాస్ట్ పడి జుట్టు, మీసం, కోటు అన్నీ కలిసి ఒక నల్ల ముద్ద అయిపోతాయి. గోడల మీద చారలు కూడా వస్తాయి, ఎందుకంటే 8 బిట్‌లో ఒక్కో రంగుకి ఉండేవి 256 మెట్లే, 10 బిట్ అయితే 1024.

రిజాల్వ్‌లో ఫిల్మ్ లుక్స్ అని ఒక ఫోల్డర్ ఉచితంగానే వస్తది, అందులో కొడాక్ 2383, ఫ్యూజీ 3513 ఉంటాయి, రెండూ ఒకప్పుడు సినిమా హాళ్లకి పంపే ప్రింట్లు వేసిన ఫిల్ములు (ఫ్యూజీ వాళ్లు 2013లోనే సినిమా ఫిల్మ్ తయారీ దాదాపు ఆపేశారు, రంగులు మాత్రం ఇలా మిగిలాయి). వీటిని చాలామంది నేరుగా క్లిప్ మీదకి లాగేసి అబ్బే బాలేదు అంటారు. అవి సినియాన్ లాగ్ (ఫిల్మ్ స్కాన్ చేసేటప్పుడు వాడే ఒక రకం లాగ్) వస్తుందనుకుని చేసినవండి, ముందు నోడ్‌లో (ఒక్కో మార్పుకి ఒక్కో నోడ్ అని గడి పెట్టుకుంటాం) కలర్ స్పేస్ ట్రాన్స్‌ఫామ్ అనే టూల్ పెట్టి గామాని, అంటే వెలుగునీడల లెక్కని, సినియాన్ ఫిల్మ్ లాగ్‌కి మార్చి ఆ తర్వాత నోడ్‌లో లట్ వేయాలి, దాన్ని కూడా ఫుల్లుగా ఉంచకుండా కీ అవుట్‌పుట్ (ఆ నోడ్ ఎంత గట్టిగా పనిచేయాలో చెప్పేది) సగానికి తగ్గించి చూడండి, డబ్బు పెట్టి కొన్న ప్యాక్ కంటే నాకు ఇదే నచ్చింది. గ్రెయిన్ (ఫిల్మ్ మీద కనబడే సన్నటి రవ్వలు), హేలేషన్ కావాలంటే మాత్రం డబ్బు కట్టే స్టూడియో వెర్షన్ ఉండాలి. దీపాల చుట్టూ ఎర్రగా వెలుగు చిమ్మినట్టు ఉంటది చూశారా అదే హేలేషన్, వెలుతురు ఫిల్మ్ పొరలు దాటి అడుగుదాకా వెళ్లి వెనక్కి కొట్టి ఎరుపు పొరకి తగలడం వల్ల వచ్చేది. హోమం షాట్లో కొంచెం వేస్తే ప్రాణం వస్తది. గ్రెయిన్ మాత్రం వాట్సాప్‌లో పంపే వీడియోకి వేయకండి, కంప్రెషన్‌లో చిన్న చిన్న గళ్లలా విడిపోతది.

ఇంకోటి కూడా చెప్పాలి. మనం ఫిల్మ్ లుక్ ఫిల్మ్ లుక్ అని దేని వెనకాల పడుతున్నామో ఆ ఫిల్మ్ రంగులు కూడా అందరి ముఖాల్నీ చూసి కుదిర్చినవి కావు. కొడాక్ వాళ్లు ల్యాబులకి షర్లీ కార్డు అని ఒకటి పంపేవాళ్లు, దాని మీద తెల్లమ్మాయి ఫొటో ఉండేది, ఆవిడ ఒంటిరంగు బాగా వస్తే ప్రింట్ బాగా వచ్చినట్టు లెక్క. నల్లవాళ్ల ముఖాలు సరిగ్గా రావట్లేదన్నది ఎప్పట్నుంచో ఉన్న మాట, కానీ కంపెనీ బాగా కదిలింది చెక్క సామాను, చాక్లెట్ల వ్యాపారులు మా గోధుమ రంగులు తేలట్లేదని అడిగాకే. ఇది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు, ఎందుకంటే మన దగ్గర పెళ్లికూతురి మేనత్తో పిన్నో పక్కన కూర్చుని "కొంచెం తెల్లగా చెయ్యండి బాబూ" అనడం నెలకి నాలుగుసార్లు వింటాను. ఇప్పుడు నేను చెయ్యను, ముందు అమ్మాయిని అడగమంటాను. ఇప్పటిదాకా నేను అడిగించిన అమ్మాయిల్లో ఒక్కరు కూడా తెల్లగా చెయ్యమని అనలేదు.

రిజాల్వ్‌లో వెక్టార్‌స్కోప్ ఉంటది, షాట్లో ఉన్న రంగుల్ని గుండ్రటి పటం మీద చుక్కలుగా చూపిస్తది, అందులో స్కిన్ టోన్ గీత ఆన్ చేసి ముఖం ఒక్కటే లెక్కలోకి వచ్చేలా దాని చుట్టూ మాస్క్ వేసి చూడండి, చామనఛాయైనా తెల్లవాళ్లైనా చుక్కలన్నీ ఇంచుమించు ఆ ఒక్క గీత పక్కనే పడతాయి. తేడా ఎక్కువగా వెలుగులోనే ఉంటది. అంటే లట్ వేశాక చుక్కలు గీత వదిలి బాగా పక్కకి జరిగితే ఆ లట్ ఆ మనిషికి పనికిరాదని అర్థం, కంటికి ఎంత ముచ్చటగా ఉన్నా సరే.

అందుకే ఇప్పుడు ఏ ప్యాక్ కొనాలన్నా ముందు శాంపిల్ లట్ అడుగుతాను, ఇవ్వకపోతే కొనను. నా పాత పెళ్లిళ్లలోంచి కొన్ని షాట్లు ఒక టైంలైన్లో ఎప్పుడూ రెడీగా ఉంటాయి, ఎండలో మంగళస్నానం, ఎల్‌ఈడీ లైట్ల కింద మండపం (ఈ వంకాయ రంగు లైట్లు మాత్రం ఏ లట్‌కీ లొంగవు, లైట్ల వాళ్లతో ముందే మాట్లాడుకోవాలి), మధుపర్కాల క్లోజప్, రాత్రి ఊరేగింపు, ఒక తాతగారి ముడతల ముఖం. వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగా కనబడేలా), ఎక్స్‌పోజర్ (వెలుతురు) సరిచేసుకుని ఆ తర్వాతే లట్ వేసి చూస్తాను. మధుపర్కం తెల్లగా, పసుపు పసుపులా, తాతగారు తాతగారిలా ఉంటే అప్పుడు పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ఇంట్లో మామూలు టీవీలో ఇంకోసారి చూస్తాను, ఎందుకంటే పెళ్లివాళ్లు చూసేది దాంట్లోనే, అది కూడా వివిడ్ మోడ్‌లో.

మీరు వేసిన ముందూ తర్వాతా బొమ్మల్లో ఉన్నది కూడా విదేశీ అమ్మాయే సార్. వచ్చేసారి ఈ సబ్జెక్ట్ మీద రాస్తే మన ఊళ్ల ముఖాలు పెట్టండి, పొలంలో ఎండకి కమిలినవి, చామనఛాయవి, బాగా నల్లటివి. ఫొటోలు దొరక్కపోతే మా షాపు నుంచి, వాళ్లని అడిగి ఒప్పించి, నేనే పంపిస్తాను.

ఇట్లు,
ఒక పెళ్లి వీడియో ఎడిటర్,
తణుకు