దగ్గితే మూత్రం పడటం ‘మామూలే’ కాదు

సంపాదకులకు నమస్కారం.

మోకాళ్ల నొప్పుల మీద పత్రికల్లో ఎన్నో వ్యాసాలు వస్తాయి. దగ్గినా తుమ్మినా బట్టల్లో మూత్రం పడే ఆడవాళ్ల గురించి రాసేవాళ్లు తక్కువ. పశ్చిమ గోదావరి జిల్లాలో ఏఎన్‌ఎంగా చేసి రిటైరయ్యాను. పాత చీర ముక్క మడిచి పెట్టుకుని, గుక్కెడు నీళ్లైనా తాగకుండా నాట్లకు దిగేవారిని చూశాను. అడిగితే “పిల్లల్ని కన్నాక మామూలేగా మేడమ్” అనేవారు. నీళ్లు తాగకపోతే మలబద్ధకం. ముక్కేకొద్దీ కింది కండరాలు ఇంకా వదులవుతాయి.

కటి ఎముకల మధ్య, ముందు నుంచి తోక ఎముక దాకా, మంచానికి నులక అల్లినట్టు కండరాలుంటాయి. మూత్రాశయం, గర్భసంచి, మలాశయం వాటి మీదే ఆనుకుంటాయి. లిగమెంట్లు, అంటే గట్టి నార లాంటి పట్టీలు, వీటిని చుట్టూ ఉన్న ఎముకలకు పట్టి ఉంచుతాయి. ఒక కండరమైతే మలాశయాన్ని వెనక నుంచి చుట్టి ముందుకు లాగి వంచుతుంది. మలం ఆగడానికి ఆ వంపు ముఖ్యం. గొంతుకూర్చుంటే అది సడలి దారి తిన్ననవుతుంది.

కాన్పులో సాగిన కండరానికి వ్యాయామంతో బలం వస్తుంది, లిగమెంటుకు రాదు. గర్భసంచి బయటికి జారితే లోపల ఆసరాగా రింగు పెట్టాలా, ఆపరేషనా అన్నది డాక్టరే చూడాలి. అంతేగానీ, దగ్గితే మూత్రం పడుతోందని గర్భసంచి తీయించుకుంటే లాభం లేదు. మూత్రనాళం కింద తగ్గిన ఆసరా దాంతో తిరిగి రాదు. అసలే గర్భసంచి తీయించుకున్నవారు మన రాష్ట్రంలో ఎక్కువని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది.

1948లో అమెరికా వైద్యుడు ఆర్నాల్డ్ కెగెల్ వెలుగులోకి తెచ్చిన వ్యాయామం ఇది. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడవాలి. గ్యాస్ పోకుండా ఆపుకున్నట్టు లోపలికి బిగించి ఐదు లెక్కపెట్టాలి, మళ్లీ అంతసేపూ వదిలేయాలి. పూటకు పదిసార్లు, మూడు పూటలా, కనీసం మూడు నెలలు. చాలామంది మొదట్లో ఊపిరి బిగబట్టి, పొట్టా పిరుదులూ బిగిస్తారు. అది లెక్కలోకి రాదు. పక్కన ఒకరుండి సరిచేయాలి.

ఆ ‘ఒకరు’ ఆశా కార్యకర్తే. ఆస్పత్రిలో కాన్పయినా 42వ రోజులోపు ఆరుసార్లు ఆ ఇంటికి వెళుతుంది. బిడ్డ బరువు చూస్తుంది, తల్లికి ఇది మాత్రం చెప్పదు, ఆమెకెవరైనా నేర్పితే కదా! జిల్లా వైద్యాధికారులు వచ్చే ఆశా సమావేశంలోనే నేర్పించాలని కోరుతున్నాను. ఒక చాప, తలుపు వేసుకునే గది ఉంటే చాలు.

– విశ్రాంత ఏఎన్‌ఎం, పశ్చిమ గోదావరి జిల్లా